చైనీస్ అక్షరం చూడ్డానికి సరిగ్గానే ఉంటే, గీతల వరుస ఎవడికి కావాలి?

గుంటూరు_టు_గ్వాంగ్‌జౌ
మా చైనీస్ మేడంతో విసిగిపోయా. వారం వారం డిక్టేషన్ పెడుతుంది. ఈసారి అక్షరాలన్నీ పుస్తకంలో ఉన్నట్టే దించాను. అయినా మార్కులు కోసేసింది. ఎందుకంటే పక్కనే నిలబడి నా పెన్ను ఎటు పోతోందో చూస్తూ ఉందన్నమాట. "గ్వో" అంటే దేశం, చుట్టూ డబ్బా, లోపల ఇంకో అక్షరం. నేను ముందు డబ్బా మొత్తం మూసేసి లోపలిది తర్వాత పెట్టానట. కాగితం మీద పడ్డాక ఏది ముందు గీశామో ఎవడికి తెలుస్తుంది? నేను ఇక్కడికి వచ్చింది ఎంబీబీఎస్‌కి, బొమ్మలు వేయడానికి కాదు.

పనికొచ్చే కారణం ఒక్కటి చెప్పండి చాలు. "మా సంప్రదాయం" అనొద్దు, అది ఆవిడ ఎప్పుడో చెప్పేసింది. ఇక్కడ చైనీస్ అక్షరాలు పేస్ట్ చేస్తే ఉత్త డబ్బాలు వస్తున్నాయి, అందుకే అన్నీ తెలుగులోనే రాశా.

బెజవాడ_బ్రష్
ఉత్త డబ్బా వచ్చిందా? అదృష్టవంతుడివి. "ఖౌ" అంటే నోరు, ఆ అక్షరం అచ్చం అలాగే ఉంటుంది. సైటు నీకు ఒకటి ఫ్రీగా నేర్పింది.

గుంటూరు_టు_గ్వాంగ్‌జౌ
హహ. నాలుగు గీతలు, అయిపోయింది.

బెజవాడ_బ్రష్
మూడు. మీ మేడం కోసిన మార్కులు ఇలాంటి చోటే. ఎడమవైపు నిలువు గీత ఒకటి. పైన అడ్డంగా వెళ్ళి, పెన్ను ఎత్తకుండా కుడివైపు కిందికి దిగాలి, అంతా కలిపి రెండోది. కింద మూత మూడోది.

నల్లగొండ_టు_షెంజెన్
గీ లొల్లి ఎందుకన్నా? నేను హ్వాచ్యాంగ్‌బెయ్ మార్కెట్ల ఎలక్ట్రానిక్స్ సామాన్ కొంట. ఫోన్ల పిన్‌యిన్ కొడ్త, అంటే చైనీస్ పలుకును ఇంగ్లిష్ అక్షరాలల్ల, అక్షరం వస్తది, దాన్ని ఒత్తుత. పెన్ను పట్టుకునుడే లేదు. ఇప్పటిదాంక నా పని ఆగలె.

వార్డులో_వాసు
కారణం అడిగావుగా తమ్ముడూ, చెప్తా. నేను హునాన్‌లో ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా. కేస్ షీట్లన్నీ కంప్యూటర్‌లోనే, అచ్చు అక్షరాలు, వాటితో పేచీ లేదు. కానీ రౌండ్స్‌లో పెద్ద సార్ జేబులోంచి చీటీ తీసి నిలబడే గీకి చేతిలో పెడతాడు చూడు, అప్పుడుంటుంది మజా. మన ఊళ్ళో డాక్టర్ గారి రాత మెడికల్ షాపువాడికి తప్ప ఎవరికీ అంతు చిక్కదు కదా, ఇది అంతకు నాలుగింతలు.

స్పీడుగా రాసేవాడు ప్రతి గీతకీ పెన్ను ఎత్తడు. ఒక గీత చివరి నుంచి తర్వాతి గీత మొదలు దాకా సన్నటి తోక లాగేస్తాడు. ఆ తోకని అసలు గీత అనుకున్నావో, అక్షరం చేజారినట్టే. ఏ గీత తర్వాత ఏ గీత వస్తుందో చేతికి తెలిసినవాడికే తోకేదో గీతేదో తేలుతుంది.

పైన బ్రష్ అన్న చెప్పిన ఖౌనే తీసుకో. చేతిరాతలో అది డబ్బాలా ఉండదు. ఎడమ నిలువు చిన్న పుల్ల ముక్కైపోతుంది. మిగతా రెండూ కలిసి ఇంగ్లిష్ జెడ్ లాగానో 2 అంకె లాగానో తయారవుతాయి. నాలుగు గీతల డబ్బా బుర్రలో పెట్టుకున్నవాడికి అందులో నోరు ఎన్నటికీ కనపడదు. నువ్వు రాసింది ఎవరూ చూడకపోవచ్చు. వాళ్ళు రాసింది నువ్వు చదవాలి కదా.

గుంటూరు_టు_గ్వాంగ్‌జౌ
ఇదీ కారణమంటే. కానీ వాసన్నా, చదవడానికైతే చేతిరాత నమూనాలు చూసి కూడా నేర్చుకోవచ్చుగా? నా చేతినెందుకు తిప్పడం?

వార్డులో_వాసు
ఎన్ని నమూనాలని చూస్తావు? ఒక్కొక్కడిదీ ఒక్కో రాత. వరుస తెలిస్తే నువ్వు చూడని రాతని కూడా ఊహించగలవు.

తైపే_తాతయ్య
మా అబ్బాయి ఉద్యోగం వల్ల తైవాన్‌లో ఉంటున్నాం. ఇక్కడ నేను గమనించినది చెప్తాను. ఒక మాట అర్థం కాలేదంటే వీళ్ళు అరచెయ్యి చాపి దాని మీద రెండో చేతి వేలితో అక్షరం రాసి చూపిస్తారు. కూరగాయల మార్కెట్లో, బస్టాపులో, ఎక్కడైనా సరే. పేరు చెప్పినప్పుడైతే మరీను, ఒకే పలుకుకి బోలెడు అక్షరాలుంటాయి గనక ఏదో తేల్చుకోవాలిగా. అరచేతి మీద సిరా ఉండదు, గీత మిగలదు. ఎదుటివాడికి కనిపించేదల్లా వేలు ముందు ఎటు వెళ్ళింది, తర్వాత ఎటు వెళ్ళింది అన్నదే. గుంటూరు బాబు "కాగితం మీద పడ్డాక ఎవడికి తెలుస్తుంది" అన్నాడు. కాగితమే లేనప్పుడు?

వార్డులో_వాసు
తాతయ్య గారూ, ఈ పాయింట్ నాకు తట్టనే లేదు. మా వార్డులో ముసలి పేషెంట్లు కూడా చేసేది ఇదే. వాళ్ళ హునాన్ యాస నాకు అందదు, నా మాండరిన్ వాళ్ళకి అందదు, చివరికి అరచేతి మీదికి దిగుతారు.

నల్లగొండ_టు_షెంజెన్
సరే గిది ఒప్పుకుంట. మా దుకాణం ఆంటీ గూడ గట్లనే రాసి సూపిస్తది. నేను ఊకె తల ఊపుత.

సింగపూర్_అమ్మ
మా పాపది ఎడమచేతి వాటం, స్కూల్లో చైనీస్ తీసుకుంది. "థింగ్‌షియె" అని ఇక్కడ వారం వారం స్పెల్లింగ్ పరీక్ష, టీచర్ చదువుతుంటే పిల్లలు రాయాలి. ఈ నియమాలన్నీ కుడిచేతి వాళ్ళు తమ కోసం పెట్టుకున్నవే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. అడ్డగీత ఎడమ నుంచి కుడికి. కుడిచేత్తో అయితే పెన్ను లాగితే సరిపోతుంది, నా బిడ్డ ముందుకి నెట్టాలి. పైగా రాసిందాని మీదే చెయ్యి పోయి, సాయంత్రానికి అరచెయ్యి పక్కంతా పెన్సిల్ మసి.

పలక_బలపం
సింగపూర్ అక్కా, కాగితాన్ని కొంచెం కుడివైపుకి ఏటవాలుగా తిప్పి, పెన్సిల్ మొన నుంచి కాస్త దూరంగా పట్టుకోమనండి. వరుస మార్చొద్దు. నేను చిన్న పిల్లలకి తెలుగు చెప్తాను, ఎడమచేతి పిల్లలకి ఇదే చేయిస్తా.

గుంటూరు బాబుకి ఒక మాట. వరుస చైనా వాళ్ళ పిచ్చి అన్నట్టు మాట్లాడుతున్నావు గానీ, నీకు పలక మీద "అ" దిద్దించినప్పుడు నీ వేలు పట్టుకుని ఎక్కడ మొదలెట్టించారో మర్చిపోయావా? చైనాలోనూ అచ్చంగా దిద్దించడమే. "మియావ్‌హోంగ్" అని, లేత ఎరుపులో అచ్చేసిన అక్షరాల మీద పిల్లలు నల్లగా దిద్దుతారు.

కొత్త_కలం
టీచర్ గారూ, దిద్దించారు సరే, ఇప్పుడు మీరు "జ" ఎక్కడ మొదలెడతారో మా అమ్మ అక్కడ మొదలెట్టదు. ఎవరూ మార్కులు కోయలేదు. వాళ్ళలా ప్రతి అక్షరానికీ గవర్నమెంటు ఆర్డరు మనకి లేదు.

పలక_బలపం
ఆర్డరు లేదు, నిజమే. అందుకే సగం మంది "మ"కీ "య"కీ తేడా తెలియకుండా రాస్తున్నారు.

తోక్యో_తమ్ముడు
గవర్నమెంటు ఆర్డరు అన్నారు కాబట్టి దూరుతున్నా. ఏ గవర్నమెంటు? చైనా 1997లో 7000 అక్షరాలకి వరుస ప్రకటించింది. 2013లో 8105 అక్షరాల పట్టిక వచ్చాక, దానికి తగ్గ వరుస ప్రమాణం 2020లో తెచ్చింది, 2021 మార్చి నుంచి అమలు. తైవాన్ విద్యాశాఖది 1996 నాటి వేరే పుస్తకం. జపాన్‌ది వీటన్నిటికంటే పాతది, 1958లో టీచర్ల కోసం వేసిన మార్గదర్శి, అందులో 881 అక్షరాలు. ఈ మూడూ అన్నిచోట్లా కలవవు.

"వాంగ్" అంటే రాజు. మూడు అడ్డగీతలు, మధ్యలో ఒక నిలువు. చైనాలో పై రెండు అడ్డగీతలు, తర్వాత నిలువు, చివర కింది అడ్డం. మా జపాన్‌లో పై అడ్డం, వెంటనే నిలువు, ఆ తర్వాత మిగతా రెండు అడ్డాలు. పొలం అనే అక్షరం, చతురస్రంలో కూడిక గుర్తు. లోపల చైనావాడు అడ్డం ముందు, జపాన్‌వాడు నిలువు ముందు. ఇక కుడి, ఎడమ అనే అక్షరాలు. రెంటికీ పైభాగం ఒకేలా ఉంటుంది, ఒక అడ్డం, ఒక ఏటవాలు. చైనాలో రెంటికీ అడ్డమే ముందు. జపాన్‌లో "ఎడమ"కి అడ్డం ముందు, "కుడి"కి ఏటవాలు ముందు. ఎందుకూ అని మా సెన్సేని, అదే మా టీచర్ని, అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

అసలు విషయం ఏంటంటే, ఆ 1958 పుస్తకంలోనే రాసుంది, ఇక్కడ చూపని వరుసలు తప్పని మా ఉద్దేశం కాదు అని. ఇస్కూళ్ళే దాన్ని వేదం చేశాయి.

గుంటూరు_టు_గ్వాంగ్‌జౌ
చూశారా! నేను జపాన్ పద్ధతిలో రాశానని మేడంకి చెప్తా.

తోక్యో_తమ్ముడు
డబ్బా ముందే మూసేసేది ఇక్కడా లేదు బాబూ. గోడలు కట్టు, మనుషుల్ని లోపలికి పంపు, ఆఖర్న తలుపు వేయి. ఆ రూలు అన్ని దేశాల్లోనూ ఒకటే.

బెజవాడ_బ్రష్
వాంగ్ సంగతి బాగా పట్టావు తమ్ముడూ. ఇంకో తమాషా ఏంటంటే, చైనాలోనే బ్రష్‌తో గొలుసుకట్టుగా రాసేవాళ్ళు చాలామంది మీ జపాన్ వరుసలోనే రాస్తారు. అడ్డం, నిలువు, అడ్డం, అడ్డం. చెయ్యి అలా సాఫీగా తిరుగుతుంది. బడి పుస్తకం వరుస వేరు, కలం వరుస వేరు. కాబట్టి "సరైన వరుస ఒక్కటే" అనేవాడిని నేను నమ్మను. కానీ వరుసే అక్కర్లేదు అనేవాడిని అసలు నమ్మను.

ఇంకోటి. ఈ రోజు చైనావాళ్ళు రాసే సరళ అక్షరాల్లో కొన్ని ఆ వేగం రాతలోంచే పుట్టాయి. పుస్తకం అనే అక్షరానికి పాత రూపంలో 10 గీతలు, ఇప్పుడు 4. తూర్పుకి 8, ఇప్పుడు 5. బండికి 7, ఇప్పుడు 4. ఎవడో ఆఫీసులో కూర్చుని గీతలు కొట్టేసినవి కావు. చెయ్యి వందల ఏళ్ళుగా కలిపి రాసిన రూపాన్నే 1956 నుంచి అధికారికం చేశారు. పాత అక్షరం మీద వరుసగా చెయ్యి తిప్పి చూస్తే కొత్తది ఎలా వచ్చిందో తెలిసిపోతుంది.

మొదట్లో నాకు "యోంగ్" అనే ఒక్క అక్షరాన్నే చాలాకాలం రాయించారు. శాశ్వతం అని అర్థం. డిక్షనరీ లెక్కలో 5 గీతలే. కానీ చుక్క, అడ్డం, నిలువు, కొక్కెం, పైకి విదిలింపు, ఎడమకి జారేవి రెండు, కుడికి జారేది ఒకటి, ఇలా బ్రష్ చేసే 8 రకాల కదలికలు అందులోనే దొరుకుతాయి. గొప్ప బ్రష్ రాతగాడు వాంగ్ షీజీ 353లో రాసిన లాన్‌థింగ్ పీఠిక మొదటి అక్షరం కూడా ఇదే. అసలు ప్రతి లేదు, నకళ్ళే మిగిలాయి. ఆ నకళ్ళలో కూడా బ్రష్ ఎక్కడ దిగిందో ఎక్కడ లేచిందో వేలు పెట్టి చూపించొచ్చు.

నల్లగొండ_టు_షెంజెన్
అన్నా, బ్రష్ అంటే నువ్వు పండ్లు తోముకునే బ్రష్ అనుకున్న ఇన్ని దినాలు.

బెజవాడ_బ్రష్
పొద్దున అది, సాయంత్రం ఇది.

కోడింగ్_కామాక్షి
షెంజెన్ తమ్ముడూ, పెన్ను పట్టకపోయినా వరుస నీ ఫోన్‌లోనే ఉంది చూడు. పిన్‌యిన్ రాని పెద్దవాళ్ళు గీతల కీబోర్డు వాడతారు. ఐదే మీటలు. అడ్డం 1, నిలువు 2, ఎడమకి జారేది 3, చుక్క 4, వంపు తిరిగేది 5. పైకి విదిలించేది అడ్డం లెక్కలోకి, కుడికి జారేది చుక్క లెక్కలోకి పోతాయి. "వో", అంటే నేను, ఏడు గీతలు. 3121534 అని కొడితే వస్తుంది. వరుస తప్పిందా, ఇంకేదో అక్షరం వస్తుంది, లేదా ఏదీ రాదు. అక్కడ మేడంతో వాదించినట్టు వాదించలేవు.

నల్లగొండ_టు_షెంజెన్
ఓ గదా! ఆంటీ కొట్టేది గదే. నేను ఫోన్ నంబర్ అనుకున్న.

నిఘంటువు_నాగు
2008 బీజింగ్ ఒలింపిక్స్ ఓపెనింగ్‌లో దేశాల కవాతు గుర్తుందా? గ్రీస్ ఎప్పటిలాగే ముందు, తర్వాత గినియా వచ్చింది. అల్ఫాబెట్ ప్రకారం ముందుండాల్సిన ఆస్ట్రేలియా ఎక్కడో చివర. అంతా గీతల లెక్క. చైనీస్‌లో రాసిన దేశం పేరులో మొదటి అక్షరానికి ఎన్ని గీతలన్నదే వరుస. గినియాకి రెండే, ఆస్ట్రేలియాకి 15. ఆతిథ్య దేశం చైనాకి ముందు ఆఖరున నడిచింది జాంబియా, 16 గీతలు. గీతల సంఖ్య సమానమైతే మొదటి గీత ఏ రకమో చూస్తారు, అడ్డమా, నిలువా, జారేదా, చుక్కా, వంపా అని. కమిటీల్లో పేర్ల జాబితాలు కూడా ఇంటిపేరు గీతల ప్రకారమే వేస్తుంటారు. తింగ్ రెండు గీతలు, వాంగ్ నాలుగు, లీ ఏడు. షిన్హ్వా నిఘంటువులో పలుకు తెలియని అక్షరం వెతకాలన్నా ఈ లెక్కే. కాబట్టి ఖౌకి నాలుగు గీతలనుకునేవాడు పుస్తకంలో వేరే పేజీలో తిరుగుతుంటాడు.

కొత్త_కలం
నాలుగు గీతల ఖౌని ఈ థ్రెడ్‌లో ఇంక వదలరా?

గుంటూరు_టు_గ్వాంగ్‌జౌ
నా పేరు ముందు శాశ్వతంగా అంటించేశారు.

సరే, లొంగిపోయా అనుకోండి. గుర్తుపెట్టుకోవడం ఎలా మరి? పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డం ముందు నిలువు తర్వాత అని మేడం పాటలా అప్పజెప్పిస్తుంది. తీరా చూస్తే సగం అక్షరాలు దేనికీ లొంగవు.

తోక్యో_తమ్ముడు
సగం కాదు, చాలా కొన్నే. కానీ అవే రోజూ వాడేవి కావడం మన ఖర్మ. "ఆడది" అనే అక్షరంలో అడ్డగీత ఆఖర్న వస్తుంది. ముందు వంపు తిరిగిన గీత, తర్వాత ఎడమకి జారేది, చివర అడ్డం. జపాన్‌లో ఇది ఎవరూ మర్చిపోరు. ఆ మూడు గీతలూ వరుసగా "కు", "నో", "ఇచి" అనే మూడు గుర్తుల్లా ఉంటాయి, కలిపితే కునోఇచి. ఆడ నింజాని అలాగే అంటారు.

వార్డులో_వాసు
నన్ను ఎక్కువ ఏడిపించినవి జంటలు. "లీ" అంటే బలం, "జియు" అంటే తొమ్మిది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. బలానికి కొక్కెం ముందు, జారేది తర్వాత. తొమ్మిదికి జారేది ముందు. అలాగే నడకకి సంబంధించిన పడవలాంటి గుర్తు అక్షరం కిందికి చుట్టుకుని వస్తుందే, అది ఎప్పుడూ ఆఖరు. కానీ "లేవడం" అనే అక్షరంలో పరుగు గుర్తు కూడా కిందికి అలాగే సాగుతుంది, అది మాత్రం ముందు. ఇలాంటివి రూలుతో కాదు, చేత్తోనే.

నిప్పు అయితే రెండు రెక్కలూ ముందు, మధ్యలో మనిషి తర్వాత. చిన్న అనే "షియావ్"లో మధ్య నిలువు ముందు, రెక్కలు తర్వాత.

గుంటూరు_టు_గ్వాంగ్‌జౌ
ఇది కక్షతో చేసినట్టుంది.

సింగపూర్_అమ్మ
మా పాప నిప్పు రాసేటప్పుడు "రవ్వ, రవ్వ, మనిషి" అంటుంది. తెలుగులోనే. టీచర్‌కి అర్థం కాదు గానీ వరుస ఎప్పుడూ తప్పలేదు.

కొత్త_కలం
హెచ్‌ఎస్‌కేకి, అదే చైనీస్ ఎంత వచ్చో చూసే పరీక్షకి, చేత్తో రాయాలా అసలు? కంప్యూటర్ మీద రాస్తే పిన్‌యిన్ కొట్టి ఎంచుకోవడమేగా.

వార్డులో_వాసు
కంప్యూటర్ పరీక్ష అయితే అంతే. పేపర్ మీదైతే మూడో లెవెల్ నుంచి అక్షరాలు రాయాలి. 2021లో వచ్చిన కొత్త ప్రమాణంలో చదవగలగాల్సినవి 3000 అక్షరాలు, చేత్తో రాయగలగాల్సినవి 1200 మాత్రమే. అంటే వాళ్ళే ఒప్పుకున్నట్టు, అన్నీ రాయక్కర్లేదని. తమ్ముడూ, ఆ 1200లో మొదటి 300 మీద చెయ్యి కుదిరితే మిగతావి దాదాపు వాటి ముక్కలతో కట్టినవే.

నల్లగొండ_టు_షెంజెన్
షియాన్ల ఒక నూడుల్స్ ఉంటది, బియాంగ్ బియాంగ్ అని. బోర్డు మీద అక్షరం సూస్తె కండ్లు తిరుగుతయ్. గది ఎట్ల రాస్తరు మల్ల?

నిఘంటువు_నాగు
యాభైకి పైగా గీతలు. ఎన్నో అడిగితే ఒక్కొక్కడు ఒక్కో లెక్క చెప్తాడు. 2020 దాకా యూనికోడ్‌లోనే, అంటే కంప్యూటర్లు గుర్తుపట్టే అక్షరాల పట్టికలోనే లేదు, మెనూల్లో బొమ్మలా అతికించేవాళ్ళు. రాయాలంటే పాటలా ఒక పొడుపు పద్యం పాడుకుంటూ ముక్క ముక్కా పేర్చుకుంటారు.

బెజవాడ_బ్రష్
దానికంటే ఐదు గీతలవి కష్టం. ఉబ్బెత్తు, గుంట అని రెండు అక్షరాలున్నాయి. ఒకటి పైకి పొడుచుకొచ్చిన మెట్టు బొమ్మ, ఇంకోటి మధ్యలో కుంగిన బొమ్మ. చూస్తే ఇవి అక్షరాలా, ఇంజినీరింగ్ డ్రాయింగా అనిపిస్తుంది. రెంటికీ ఐదేసి గీతలే. ఉబ్బెత్తులో నాలుగో గీత పెన్ను ఎత్తకుండా మూడుసార్లు మలుపు తిరుగుతుంది. వీటి మీద చైనావాళ్ళే పందేలు కాస్తారు.

కోడింగ్_కామాక్షి
ప్రాక్టీసుకి స్క్రిటర్ యాప్ వాడి చూడు. వేలితో రాస్తే గీత గీతకీ చెక్ చేస్తుంది, వరుస తప్పితే ముందుకి పోనివ్వదు. ప్లెకో డిక్షనరీలో వరుస కదిలే బొమ్మలుగా కనిపిస్తుంది, దానికి విడిగా కొనాలి. ఒక్క జాగ్రత్త, స్క్రీన్ మీద వచ్చింది కదా అని పెన్ను మానెయ్యొద్దు. యాప్ నీ వంకర గీతని సాఫు చేసి చూపిస్తుంది, కాగితం చూపించదు.

పలక_బలపం
నేనూ ఒకటి మొదలెడదామనుకుంటున్నా ఈ చదువు విన్నాక. కూడిక గుర్తు గళ్ళున్న పుస్తకాలు వాడతారటగా, హైదరాబాద్‌లో దొరుకుతాయా?

బెజవాడ_బ్రష్
దొరకడం కష్టం టీచర్ గారూ. నెట్‌లో గళ్ళ పేజీ పీడీఎఫ్ బోలెడు ఉన్నాయి, జిరాక్స్ షాపులో తీయించుకోండి. కూడిక గళ్ళు మొదట. మూలల నుంచి మూలలకి గీతలున్నవి కూడా ఉంటాయి, అవి బ్రష్ పట్టాక.

తైపే_తాతయ్య
పెద్ద గళ్ళు తీసుకోండమ్మా. నేను చిన్నవి తెచ్చుకుని కళ్ళజోడు మార్పించుకోవాల్సి వచ్చింది.